తలేసా దొరసాని అడిగిన తొమ్మిదేళ్ళు

పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున.

ఆరవోస్ లోయకు దొరసానిని, గాస్తోన్ దొర మొదటి బిడ్డను, కీర్తిశేషుడు సెంతుల్ భార్యను, తలేసా అనే పేరుగల నేను ఇందుమూలంగా అందరికీ తెలియజేసేది ఏమంటే: నా కాళ్ళు వాచాయి, మెట్లు దిగలేను, ఏం తిన్నా చప్పగానే ఉంటోంది. కానీ మతి చెడలేదు. ఎవరూ నన్ను భయపెట్టలేదు, బతిమాలలేదు, మందు పెట్టలేదు. ఎవరి మేతభూమి ఏ బండ దాకానో, ఏ ఇంట్లో మొదటి బిడ్డ ఎవరో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఈ స్థితిలో ఉండగానే మా గుడి గురువు ఓద్దో గారి చేత ఈ వీలునామా రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఆయన ఇప్పటికే ఒకసారి కలం ఆపి నా మొహం చూశారు. "రాయండి గురువుగారూ" అన్నాను. ఇంతకు ముందు నేను రాయించినవి ఏవైనా ఉంటే అవి ఇకమీదట చెల్లవు.

దీన్ని అమలు చేసే బాధ్యత ఓద్దో గారికి, లోయ పెద్ద మౌరిన్‌కు అప్పగిస్తున్నాను. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. అందుకే ఇద్దర్నీ పెట్టాను.

ఒకటి. నా ఆత్మ దేవుడిది. నా శరీరాన్ని గుడి లోపల, మా వంశపు పెద్దలు పడుకున్న బలిపీఠం పక్కన పెట్టకూడదు. బయట, ఉత్తరపు గోడ కింద, చూరునీళ్ళు కారేచోట పెట్టాలి. మా ఇంట్లో రెండోవాళ్ళనీ, మూడోవాళ్ళనీ పాతిపెట్టేది అక్కడే. నా కొడుకు ఫోర్తనే శవం ఇంటికి రాలేదు. వచ్చి ఉంటే వాణ్ణి కూడా అక్కడే పెట్టేవాళ్ళం. నా తండ్రి పక్కన చోటు ఖాళీగా ఉందని ఎవరైనా అంటే, ఖాళీగానే ఉండనీయండి.

రెండు. నా దాసి పెయ్రోనాకు నక్కతోలు లోపలేసి కుట్టిన నా చలికోటు, నా ఉన్ని పరుపు, చుక్కల ఆవు, బతికున్నన్నాళ్ళూ వంటింటి పక్క వెచ్చటి గదిలో ఉండే హక్కు ఇస్తున్నాను. కోటు సంగతి ఆవిడే తేల్చింది. మొన్న చలేయడం లేదని నేను దాన్ని తోసేస్తే, "చచ్చేదాకా మీరు కప్పుకోండి దొరసానీ, చచ్చాక నేను కప్పుకుంటా. మధ్యలో నేలమీద ఎందుకు?" అంది. నిజమే. నేలమీద ఎందుకు?

మూడు. మా బాబాయి లూబాత్ మనవడు ఆనేర్‌కు నా ముసలి కంచర గాడిదను ఇస్తున్నాను. అది కరుస్తుంది. వాళ్ళ తాత కూడా అంతే.

ఇది చదవడానికి మైదానం నుంచి పైప్రభువు దివాను గారు వస్తారు కాబట్టి ఆయన కోసం కొంచెం విప్పి చెప్తున్నాను. మా కొండల్లో ముందు పుట్టినవాళ్ళదే ఇల్లు. ఆడా మగా అన్న లెక్క లేదు. నాన్న పోయినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. చావు భోజనాల దగ్గర లూబాత్ బాబాయి అందరికీ వినపడేట్టు, "కోటకి కావలివాడు కావాలి గానీ కుట్టుపని చేసుకునే పిల్ల కాదు" అన్నాడు. "సూదికీ మొన ఉంటుంది బాబాయ్" అన్నాను. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ నవ్వుకు పదకొండేళ్ళు కసి తీర్చుకున్నాడు. గడ్డివాములు తగలబెట్టించాడు, మందలు తోలుకుపోయాడు, పైప్రభువు దగ్గరకు మనుషుల్ని పంపి నేను అక్రమంగా కూర్చున్నానని చెప్పించాడు.

చివరికి లోయ పెద్దలు కూడినప్పుడు మౌరిన్ తండ్రి లేచి, "మందలో ముందు పుట్టింది ఆడగొర్రె అయితే దాన్ని వెనక్కి తోసి తోక పట్టుకోమంటామా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను దొరసానినయ్యాను. నాకు ఉన్న బలమంతా అదే. కత్తి లేదు, సైన్యం లేదు. మొగుడు మంచివాడు, మంచితనంతో కోటలు నిలవవు. ముందు పుట్టాను, అంతే. ఆ కట్టుబాటులో ఒక్క పోగు తెగినా నా కుర్చీ కాలు విరిగినట్టే.

లూబాత్ బాబాయి పోయి చాలాకాలమైంది. ఆయన సమాధికి నేనెప్పుడూ కొవ్వొత్తి వెలిగించలేదు. నా తర్వాత వెలిగించదలచినవాళ్ళు వెలిగించుకోవచ్చు, నా ఖర్చుతో మాత్రం కాదు.

నాలుగు. ఆరవోస్ కోట, దాని కింది మూడు ఊళ్ళు, మేతకు వచ్చే పుల్లరి, పిండిమర, వంటింటి పొయ్యి మీద వేలాడే ఇనప గొలుసు, దానికి తగిలించే కాగు సహా, సర్వహక్కులతో నా మొదటి బిడ్డ గార్సెండాకు చెందుతాయి. నిజానికి ఇది నేను ఇప్పుడు ఇచ్చేది కాదు. దానికి పదిహేనేళ్ళు నిండిన రోజునే ఇచ్చేశాను.

ఆ రోజు గురించి రాయించాలి. వారసులు పొయ్యిగొలుసు పట్టుకుంటేనే ఇల్లు చేతికి వచ్చినట్టు. వంటింట్లో లోయంతా ఇరుక్కుని నిలబడింది. ముందువరసలో లూబాత్ బాబాయి, చెవులు రిక్కించుకుని. గార్సెండా నా చెవి దగ్గరకు వంగి, "అమ్మా, నాకొద్దు. తమ్ముడికివ్వు. వాడికి ప్రతి గొర్రె పేరూ తెలుసు" అంది.

అది నిజం. ఫోర్తనేకు అప్పటికి పన్నెండేళ్ళే గానీ, మేత తగాదాల్లో కాపరులు వాణ్ణి అడిగేవాళ్ళు. గార్సెండా మనసు కనుమ మీది సత్రంలో ఉంది. చిన్నప్పుడు తండ్రితో వెళ్తూ మంచుతుఫానులో చిక్కుకుని అక్కడ తలదాచుకుంది. సత్రపు ఆడవాళ్ళు బాటసారుల గడ్డకట్టిన పాదాల్ని ఒళ్ళో పెట్టుకుని కాపడం పెట్టడం చూసింది. తిరిగొచ్చాక కుక్కల కాళ్ళకీ, గొర్రెపిల్లల కాళ్ళకీ గుడ్డలు చుట్టేది. పెద్దయ్యాక అక్కడికే వెళ్తానని ఎన్నిసార్లు చెప్పిందో.

కానీ ఆ పూట కూతుర్ని దాటేసి కొడుకు చేతికి గొలుసిస్తే, మర్నాడే బాబాయి, "కొడుకుంటే కూతురు తప్పుకోవాలన్నమాట! మరి మగవాణ్ణి నేనుండగా నువ్వెందుకు కూర్చున్నావే?" అంటాడు. పైప్రభువు ఎదురుచూస్తున్నదీ ఆ మాట కోసమే. అందుకని దాని చెయ్యి పట్టుకుని గొలుసు మీద పెట్టి, వేళ్ళు నేనే మూశాను. అరచేతికి మసి అంటింది. "వెళ్ళి కడుక్కో" అన్నాను. ఫోర్తనే చప్పట్లు కొట్టాడు. అందరికన్నా గట్టిగా వాడే కొట్టాడు.

చేసింది తప్పని ఇప్పటికీ అనలేను. ఒప్పని కూడా నోరు రావడం లేదు.

ఐదు. నా అల్లుడు, చనిపోయిన ఓజెర్ ఆత్మశాంతికి ఏడాదికి ఒక పూజ చేయించాలి. చిన్నది చాలు.

అతన్ని తెచ్చింది నేనే. మైదానపు పెద్దింటివాడు, పైప్రభువుకు దూరపు చుట్టం. ఆ చుట్టరికం మా మీద గొడుగులా ఉంటుందనుకున్నాను. ఉంది. గొడుగు కింద వాన మాత్రం ఆగలేదు. గార్సెండాకు పిల్లలు నిలవలేదు, అది అతని తప్పు కాదు. ప్రతిసారీ దాన్ని తప్పుచేసినదానిలా చూడటం మాత్రం అతని తప్పే. ఎలుగుబంటి వేటలో పోయాడు. ఎలుగుబంటి మీద నాకు కోపం లేదు.

ఆరు. భోజనాల సావడిలో బల్ల కింది కొసన ఉన్న పొట్టి బెంచీని నేను పోయిన రోజునే పొయ్యిలో పెట్టి కాల్చేయాలి. దాని మీద మా ఇంటి చిన్నవాళ్ళు తరతరాలుగా కూర్చున్నారు. మంచి కలపా కాదు, పనితనమూ లేదు. ఎవరూ బాధపడక్కర్లేదు.

పెళ్ళయిన కొత్తలో ఓజెర్ భోజనానికొచ్చి చూసేసరికి అక్క పక్కన, ఎప్పుడూ కూర్చునేచోట, ఫోర్తనే కూర్చున్నాడు. "మీ దగ్గర చిన్నవాళ్ళు కింది కొసన కూర్చుంటారని విన్నానే, బావమరిదిగారికి చెప్పలేదా?" అని ఓజెర్ నవ్వుతూ అన్నాడు. బల్లంతా నా వైపు చూసింది. గార్సెండా తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది. కొత్త అల్లుడు, వెనక పైప్రభువు. "ఫోర్తనే, కింద కూర్చో నాన్నా" అన్నాను. నాన్నా అని మెత్తగానే అన్నాను. మెత్తగా అన్నందుకే వాడికి ఎక్కువ తగిలిందని తర్వాత గార్సెండా చెప్పింది.

వాడు కూర్చోలేదు. గిన్నె బోర్లించి లేచాడు. తొలిమంచు పడకముందే కనుమ దాటి ఆరగాన్ దేశం వెళ్ళిపోయాడు.

ఉప్పుమూటల వ్యాపారి బ్లాస్కో ద్వారా ఏడాది తర్వాత కబురు పంపాను, తిరిగి రమ్మని. బ్లాస్కో తెచ్చిన జవాబు ఇది: "ఆ ఇంట్లో నాకు రొట్టె ఉంది, చోటు లేదు. ఇక్కడ చోటుంది, రొట్టె సంపాదించుకుంటాను. అక్కకి చలికి కాళ్ళు పగులుతాయి, ఎలుగు కొవ్వు రాసుకోమను." నాకేమీ చెప్పలేదా అని అడిగాను. బ్లాస్కో గాడిద గిట్టల వంక చూస్తూ, "గాలి పెద్దగా కొట్టింది దొరసానీ, చివరి మాటలు వినపడలేదు" అన్నాడు. అంత చక్కటి అబద్ధం చెప్పినందుకు బ్లాస్కోకు ఒక పీపా ద్రాక్షసారా ఇవ్వాలి. పలచనిది కాదు, మేడమీద గదిలోది.

ఫోర్తనే దక్షిణాన ఏదో కోట ముట్టడిలో పోయాడని మూడేళ్ళ కిందట తెలిసింది. కత్తిపోటు కూడా కాదట. చెడ్డనీళ్ళు తాగి పోయాడట.

ఏడు. నా కొడుకు భార్య ఓరియాకు వంతెన పక్క ఇల్లు, దాని వెనక ఆపిల్ తోట, అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నా చేసుకోకపోయినా, సంపూర్ణంగా చెందుతాయి. వాళ్ళ పెళ్ళి గుడిలోనే జరిగిందని అక్కడి గురువు ముద్ర వేసి ఇచ్చిన పత్రం ఓద్దో గారు చూశారు. నేను అడగలేదు. ఆమే చూపించింది.

ఓరియా రాక గురించి చెప్పాలంటే పోయిన చలికాలం నుంచి మొదలుపెట్టాలి. దారులన్నీ మూసుకుపోయాయి. గార్సెండా, నేను ఉన్ని దువ్వుతున్నాం. ఓజెర్ పోయి అప్పటికి రెండేళ్ళు. ఉన్నట్టుండి, "అమ్మా, ఇప్పుడైనా వెళ్ళనా?" అంది. ఎక్కడికని నేను అడగలేదు. నలభై ఏళ్ళ మనిషి పదిహేనేళ్ళ గొంతుతో అడిగింది. అది వెళ్తే వంశంలో మిగిలేది లూబాత్ మనవడే. పదకొండేళ్ళు పోరాడి దక్కించుకున్నది పువ్వుల్లో పెట్టి వాళ్ళకే ఇచ్చినట్టు. ఉన్ని దువ్వుతూనే ఆలోచించాను. "మంచు కరగనీ, నేనే గాడిదనెక్కించి పంపిస్తా" అన్నాను. అది నా చెయ్యి తీసుకుని మొహానికి ఆనించుకుంది. చిన్నప్పుడు కూడా ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఆ చలికాలమంతా అది పాటలు పాడటం విన్నాను. దానికి పాటలొచ్చని నాకు తెలియదు.

మంచు కరిగింది. గార్సెండా మూట కట్టుకుంది. అది బయల్దేరాల్సిన వారంలోనే, అదే కనుమ దిగి, బ్లాస్కో గాడిదల వెంట ఒక ఆడమనిషి ఇద్దరు పిల్లలతో వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

"నేను అడుక్కోడానికి రాలేదు" అంది ఓరియా. "ఆయన పోయేముందు, పిల్లల్ని ఒకసారి మా అక్కకి చూపించు అన్నారు. మీకు చూపించమని అనలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

"లోపలికి రామ్మా, గాలి కొడుతోంది" అన్నాను. ఇంకేం అనగలను?

పెద్దది ఆడపిల్ల. తొమ్మిదేళ్ళు. పేరు గార్సెండా, వాడు అక్క పేరు పెట్టుకున్నాడు. చిన్నవాడు సాన్స్, ఆరేళ్ళు. నా గార్సెండా వాళ్ళిద్దర్నీ చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, కట్టుకున్న మూట విప్పి, అందులోంచి దుప్పటి తెచ్చి పిల్లల మీద కప్పింది. ఆ మూట మళ్ళీ కట్టలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.

చిన్న గార్సెండా నోరుగల పిల్ల. వచ్చిన మూడోరోజు భోజనాల దగ్గర నా ముందుకొచ్చి నిలబడి, "నువ్వేనా మా నాన్నని కింద కూర్చోమన్నది?" అంది.

ఓరియా పిల్లని వెనక్కి లాగబోయింది. "నేనేనమ్మా" అన్నాను.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

మేనత్త దాని చెయ్యి పట్టి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇక్కడ. జావ చల్లారిపోతోంది, తిను" అంది.

ఆ పిల్లకు నా వెండి దువ్వెన ఇస్తున్నాను. చిన్నవాడికి వాళ్ళ తాత సెంతుల్ ఊదిన పిల్లనగ్రోవి. దానికి ఒక చోట పగులుంది, మైనం పెట్టుకోవాలి.

ఎనిమిది. గార్సెండా తర్వాత ఆరవోస్ ఎవరిది అన్నది.

కట్టుబాటు ప్రకారం చిన్న గార్సెండాది. పైప్రభువు దివాను గారు ఈ సెప్టెంబరులో మా ఇంట జున్ను తింటూ, సాన్స్‌ది అన్నారు. "మగపిల్లాడు దొరికాడు కదా దొరసానీ, ఇంకా ఈ కొండ పద్ధతులెందుకు?" అన్నారు, దొరికింది ఏదో దూడపిల్ల అయినట్టు.

నేను ఇద్దరి పేరూ రాయించడం లేదు. చిన్నవాడికి కూడా పదిహేనేళ్ళు నిండాక, ఇద్దర్నీ లోయ పెద్దల ముందుకు పిలిచి, విడివిడిగా, మెల్లగా, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినేట్టు, ఈ ఇల్లు నీకు కావాలా అని అడగాలి. ఇద్దరూ కావాలంటే కట్టుబాటు ప్రకారం ముందు పుట్టిన పిల్లది. ఒకరే కావాలంటే ఆ ఒకరిది. కావాలన్నవాళ్ళు వద్దన్నవాళ్ళకు బతుకుదెరువు చూపించాలి, తమ పక్కనే చోటివ్వాలి. ఇద్దరూ వద్దంటే ఆనేర్‌ది, అప్పుడు కూడా ఎవరూ ఆ పిల్లల్ని బలవంతపెట్టకూడదు.

ఇలా రాస్తే చట్టంలో నిలవదని ఓద్దో గారు భయపడుతున్నారు. నిలిచేట్టు రాసిందేమైందో చూశాను కదా గురువుగారూ. రాయండి.

తొమ్మిది. ఇది నా కూతురు గార్సెండాకు.

దివాను గారు వెళ్తూ వెళ్తూ ఒక మాట తేల్చి చెప్పారు. గొలుసు పట్టిన వారసురాలు కోటలో ఉన్నంతకాలం పైప్రభువు వేలు పెట్టడు. ఆమె కోట విడిచి సత్రంలో చేరితే, తండ్రి లేని ఆ పిల్లలిద్దరూ ఆయన సంరక్షణలోకి పోతారు. అంటే పిల్లని ఆయన చెప్పినవాడికి కట్టబెడతారు, పిల్లాణ్ణి మైదానంలో పెంచుతారు, లోయని పంచుకుంటారు. ఓరియా గుమ్మం బయట నిలబడుతుంది.

కాబట్టి గార్సెండా, పోయిన చలికాలం నీకు ఇచ్చిన మాట నేను నిలబెట్టుకోలేకపోతున్నాను. సాన్స్‌కు పదిహేనేళ్ళు వచ్చేదాకా నువ్వు ఇక్కడ ఉండాలి. ఇంకా తొమ్మిదేళ్ళు. అప్పటికి నీకు యాభై దగ్గరపడతాయి. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఇంకొకరి కాళ్ళు కాచే వయసు కాదది. తెలిసే అడుగుతున్నాను.

ఇది ఆజ్ఞ కాదు. దొరసానిగా చెప్పడం లేదు. ఉంటావా అని అడుగుతున్నాను. వద్దంటే నిన్ను శపించను. లోయలో ఎవరూ నిన్ను వేలెత్తి చూపకూడదు. కోట పోతే పోతుంది, రాళ్ళు మళ్ళీ దొరుకుతాయి. నువ్వు ఏం చెప్పినా సరే, ఏటా తొలిమంచుకు ముందు మా పాడి నుంచి కనుమ సత్రానికి రెండు గాడిదల జున్ను, ఒక బండి కట్టెలు నీ పేరున వెళ్ళాలి. నువ్వు వెళ్ళే రోజు ఎప్పుడొచ్చినా, మెత్తగా నడిచే గాడిద మీద వెళ్ళాలి. గార్సెండా జవాబు రాయడానికి ఓద్దో గారిని ఇక్కడ కొంచెం చోటు వదలమన్నాను.

పై తొమ్మిది అంశాలూ సాక్షులందరి ఎదుటా గట్టిగా చదివి వినిపించబడ్డాయి. చివరిది చదివే ముందు గార్సెండాను పిలిపించాను. సాన్స్ మేజోడు కుడుతూ కుడుతూ వచ్చింది, సూది చేతిలోనే ఉంది. నిలబడే విన్నది. "మళ్ళీ ఒకసారి చదవండి గురువుగారూ" అంది. ఆయన చదివారు. దారం కొరికి, ముడి వేసి, "ఉంటాను" అంది.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. కోపం లేదు దాని మొహంలో. కోపముంటే బాగుండేది.

"గొలుసు పట్టించిన రోజు కూడా ఇట్లా అడిగుంటే సరే అనేదాన్నేనమ్మా" అంది. "నువ్వు అడగలేదు."

ఇలాంటివి వీలునామాలో ఉండకూడదని ఓద్దో గారు అన్నారు. నా వీలునామా, ఉండనీయండి అన్నాను.

ఇది నా సమ్మతితో, నా ఎదుట, నా మాటల్లో రాసినది. క్రీస్తు పుట్టిన వెయ్యిన్ని రెండువందల నలభై మూడో ఏట, పునీత మార్టిన్ పండుగ మర్నాడు, ఆరవోస్ కోటలో.

తలేసా, ఆరవోస్ దొరసాని (నా చేత్తో, నా ముద్రతో)

రాసినవారు: ఓద్దో, గుడి గురువు

సాక్షులు:
మౌరిన్, లోయ పెద్ద
దోమెంజ్, పెద్ద కాపరి (చదువు రాదు, సిలువ గుర్తు వేశాడు)
బ్లాస్కో, ఉప్పు వ్యాపారి, ఆరగాన్ దేశస్థుడు

ఒప్పుకున్న మనిషి: గార్సెండా